బండి బాగోగులు: రోజూ నీళ్ళు పోస్తున్నారా? అవి ఎటు పోతున్నాయో చూడండి



ఎండలు ముదిరేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. "బండి హీటెక్కుతోంది, ఏం చేయాలి?" అని. ఈ వారం వచ్చిన వాటిలో నాలుగైదింటిలో ఒక మాట అచ్చం ఒకేలా ఉంది: "పొద్దున్నే ఒక సీసా నీళ్ళు పోసి నడిపిస్తున్నాను, ఇప్పటికైతే పరవాలేదు."

ఆ "ఇప్పటికైతే" దగ్గరే అసలు చిక్కు ఉంది. కూలెంటు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూత బిగించిన దారిలో తిరిగిన చోటే తిరుగుతూ ఉండేది. నెలల మీద వేలు మందం తగ్గితే కంగారు పడనక్కరలేదు. రోజూ, లేదా వారానికోసారి పోయాల్సి వస్తోందంటే మాత్రం అది ఎక్కడో బయటికి కారుతోంది, లేదా ఇంజన్ లోపలికి పోతోంది. మూడో దారి లేదు. దారి కనుక్కోకుండా రోజూ సీసా పోయడం చిల్లుకుండ నింపడమే. ఈ రోజు చిన్న క్లిప్పుతో పోయే పని, పట్టించుకోకపోతే మండుటెండలో హైవే మీద ఇంజన్ పట్టేసే దాకా వస్తుంది.

ఇంకో సంగతి. మనలో చాలామంది నడిపే బండి మనది కాదు. కఫీల్ ఇంటిదో, కంపెనీదో, అద్దెదో. ఇంజన్ పోయిన రోజు మొదటి ప్రశ్న మనకే వస్తుంది: "ముల్లు పైకి పోతుంటే నువ్వేం చేస్తున్నావు?" ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండాలి. అందుకే ఈ వారం, నీళ్ళు ఎటు పోతున్నాయో మెకానిక్ కంటే ముందు మనమే ఎలా పసిగట్టవచ్చో చూద్దాం. దీనికి పానాలు అక్కర్లేదు. కళ్ళు, ముక్కు, ఒక అట్టముక్క చాలు.

లోపల ఏం జరుగుతుంది?

ఇంట్లో ప్రెషర్ కుక్కరు గుర్తు చేసుకోండి. మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అందుకని నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, ఇంకా పైకి వెళ్ళాక మరుగుతాయి. రేడియేటర్ మూత చేసే పని కూడా అదే. దాని మీద 0.9 లేదా 1.1 లాంటి అంకె రాసి ఉంటుంది. అంత ఒత్తిడి దాకా అది పట్టి ఉంచుతుంది. 1.1 మూత సరిగ్గా ఉంటే ఉత్త నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా, సగం నీళ్ళు సగం కూలెంటు కలిపిన మిశ్రమం దాదాపు 130 దాకా మరగకుండా ఆగుతాయి. మూత రబ్బరు పాడైతే ఆ రక్షణంతా పోయినట్టే.

వాటర్ పంపు ఈ ద్రవాన్ని ఇంజన్ చుట్టూ తిప్పుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ అనే చిన్న తలుపు మూసుకుని ఉంటుంది. ఎక్కువ బండ్లలో 80, 90 డిగ్రీల మధ్య అది తెరుచుకుంటుంది. అప్పుడు వేడి ద్రవం రేడియేటర్‌లోకి వెళ్ళి, గాలికి చల్లారి, మళ్ళీ ఇంజన్‌లోకి వస్తుంది. బండి నడుస్తుంటే గాలి ముందునుంచి తగులుతుంది. నిలబడి ఉంటే ఫ్యాను లాగాలి.

గల్ఫ్‌లో బండికి ఇంత కష్టం ఎందుకంటే, లెక్క చిన్నదే. ఇంజన్ ద్రవం 90 డిగ్రీలు, బయట గాలి 30 అయితే తేడా 60. ఇక్కడ బయటే 50 అయితే తేడా 40. అదే రేడియేటర్, కానీ వదిలించుకోగలిగే వేడి మూడో వంతు తగ్గిపోయింది. పైగా రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ కూర్చుని తన వేడిని కూడా దానికే ఊదుతుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట మన ఊళ్ళో ఏళ్ళ తరబడి చెల్లిపోయే చిన్న లోపం కూడా దాగదు. చలికాలంలో కనిపించని చిల్లు జూన్‌లో బయటపడేది అందుకే.

ముల్లు లేచిన క్షణంలో

ముందు ప్రాణం, తర్వాత బండి.

ముల్లు మామూలు చోటు దాటి కొంచెం పైకి పోతే ఏసీ ఆపండి. హీటరు ఉన్న బండి అయితే దాన్ని ఫుల్లుగా పెట్టి కిటికీలు దించండి. ఎండలో హీటరేమిటని నవ్వకండి. అది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. మెల్లగా సురక్షితమైన చోటు చూసి ఆపండి. ముల్లు ఎరుపులోకి పోయినా, ఎర్ర దీపం వెలిగినా "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. సిలిండర్ హెడ్ చాలా బండ్లలో అల్యూమినియంతో చేసింది. అది వంగడానికి ఆ రెండు కిలోమీటర్లు చాలు.

ఇప్పుడు వచ్చే బండ్లలో చాలావాటికి ముల్లే ఉండదు. చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం, అంతే. ఎర్ర దీపం హెచ్చరిక కాదు, ఆగమనే ఆజ్ఞ.

రెండు గుర్తులు ప్రత్యేకంగా మనసులో పెట్టుకోండి. ఒకటి, ముల్లు పైన ఉన్నా హీటరు నుంచి చల్లగాలి వస్తుంటే, ద్రవం బాగా తగ్గిందనో తిరగడం లేదనో అర్థం. రెండు, పైకి పోయిన ముల్లు మీరేమీ చేయకుండానే టక్కున కింద పడితే సంతోషించవద్దు. వేడిని కొలిచే సెన్సర్ చుట్టూ నీళ్ళు అయిపోయి ఉత్త ఆవిరే మిగిలితే అది తప్పు లెక్క చూపించగలదు.

ఆవిరి వస్తుంటే బానెట్ వెంటనే ఎత్తకండి. రేడియేటర్ మూత వేడి మీద తీయనే వద్దు. లోపల 100 డిగ్రీలు దాటిన ద్రవం ఒత్తిడి మీద ఉంటుంది. మూత వదులైన క్షణమే అది మరిగి ముఖం మీదికి, ఛాతీ మీదికి చిమ్ముతుంది. కాలిన చర్మానికి గ్యారేజీలో మందు లేదు. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగండి. పైన ఉండే లావు పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడాలి. అప్పుడు మందపాటి గుడ్డ వేసి, ముఖం పక్కకు పెట్టి, మూతను కొంచెమే తిప్పి 'స్స్' శబ్దం పూర్తిగా ఆగేదాకా ఉండి, తర్వాత తీయండి. నీళ్ళు కొద్దికొద్దిగా పోయండి. సలసల కాగుతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరిస్తే హెడ్ పగలొచ్చు.

తాగే నీళ్ళు ఒక్క సీసానే ఉంటే అది మీకు, రేడియేటర్‌కు కాదు. ఇంజన్ ఇంకొకటి దొరుకుతుంది. ఎడారి రోడ్డు పక్కన వడదెబ్బ తగిలితే మనిషి దొరకడు. బండి హజార్డ్ లైట్లు వేసి, రోడ్డుకు దూరంగా, నీడ దొరికిన చోట నిలబడి సహాయానికి ఫోన్ చేయండి.

ఎప్పుడు హీటెక్కుతోంది?

డాక్టరు జ్వరం ఎప్పుడు వస్తోందని అడిగినట్టే, బండి విషయంలో కూడా "ఎప్పుడు?" అన్నదే సగం రోగనిర్ధారణ.

సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డు దొరికి వేగం అందుకోగానే చల్లబడుతోందా? అనుమానం ఫ్యాను మీద. బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి ముందుకొచ్చి చూడండి. కరెంటు ఫ్యాను ఉన్న బండ్లలో చాలావాటికి ఏసీ వేసిన కాసేపట్లో ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరుసలో చూపించండి. పెద్ద పికప్పులు, జీపుల్లో బెల్టుతో తిరిగే ఫ్యాను ఉంటుంది. దాని మధ్యలో క్లచ్ ఉంటుంది. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లబడ్డాక రెక్కను చేత్తో తిప్పితే కొంచెం బిగువు ఉండాలి. గాలిపంకాలా తేలిగ్గా గిరగిరా తిరిగితే క్లచ్ పోయినట్టు. ఒక జాగ్రత్త: కరెంటు ఫ్యాను ఇంజన్ ఆపాక కూడా దానంతట అదే తిరగొచ్చు. హైబ్రిడ్ బండ్లలో ఇంజన్ కూడా చెప్పకుండా స్టార్ట్ అవుతుంది. బండి పూర్తిగా ఆఫ్ చేయకుండా చెయ్యి పెట్టవద్దు.

ట్రాఫిక్‌లో బాగానే ఉండి హైవే మీద, లోడుతో, లేదా ఘాటు ఎక్కుతుంటే వేడెక్కుతోందా? అల్ ఐన్‌లో జెబెల్ హఫీత్, రాస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్, తాయిఫ్‌కు ఎక్కే హదా ఘాటు లాంటి చోట్ల ఇది బయటపడుతుంది. ఫ్యాను బాగుంది, వేడి తీసేసే శక్తి తగ్గింది. రేడియేటర్ లోపల ఉప్పు పేరుకుని ఉండొచ్చు, బయట రేకుల మధ్య ఇసుక, పురుగులు నిండి ఉండొచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, ద్రవమే తక్కువై ఉండొచ్చు. ఇంజన్ రేజ్ చేసినప్పుడు కింది పైపు చప్పిడిగా లోపలికి పీల్చుకుపోతోందేమో కూడా చూపించండి. రేకుల మధ్య ఇసుకను మెల్లటి నీటి ధారతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి కడగాలి. కారు కడిగే ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే ఆ పలచటి రేకులు వంగి గాలిదారి ఇంకా మూసుకుపోతుంది.

స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోపే వేడెక్కుతోందా? ద్రవం దాదాపు లేదు, లేదా తిరగడం లేదు. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు, పంపు బెల్టు తెగి ఉండొచ్చు, ఈ మధ్య రిపేరు చేశాక లోపల గాలి చిక్కి ఉండొచ్చు. పై పైపు కాలిపోతూ కింది పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ మీద అనుమానం బలపడుతుంది.

నడుస్తున్నంతసేపు బాగుండి, ఆపాక గుడగుడ మరిగి పక్క డబ్బాలోంచి పొంగుతోందా? ముందు మూత మార్చి చూడండి. కూలింగ్ సామాన్లలో అన్నిటికంటే చౌక వస్తువు అదే, ఎక్కువగా మరిచిపోయేదీ అదే. మూత రెండు పనులు చేస్తుంది: వేడిలో పొంగినదాన్ని డబ్బాలోకి వదులుతుంది, చల్లారాక తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. పొద్దున చూస్తే డబ్బా నిండుగా ఉండి, రేడియేటర్‌లో మాత్రం తక్కువగా ఉంటే ఆ రెండో పని జరగడం లేదు.

చిల్లు ఎక్కడ?

రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ కింద ఒక పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున దాని మీద మరక ఏ చోట ఉందో, ఏ రంగులో ఉందో చూడండి. ముందు బంపర్ కింద ఉంటే రేడియేటర్ లేదా దాని పైపులు. బెల్టులు ఉన్న పక్కన ఉంటే వాటర్ పంపు. వెనుక, క్యాబిన్ గోడ దగ్గర ఉంటే హీటరు పైపులు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ఫోన్ లైటుతో వెదకండి. ఇక్కడి వేడికి కారిన ద్రవం కారిన చోటే ఆరిపోతుంది, అందుకే తడి దొరకకపోవచ్చు. కానీ మరక మిగులుతుంది. కూలెంటు రంగును బట్టి తెల్లగా, పచ్చగా, గులాబీగా ఉప్పు పొక్కులా అంటుకుని ఉంటుంది. పైపులు క్లిప్పు పెట్టిన చోట్లు, రేడియేటర్ పైన ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియంతో కలిసే గీత, థర్మోస్టాట్ కూర్చున్న చోటు, పంపు కింద ఉండే సన్న రంధ్రం, ఈ నాలుగూ తప్పక చూడండి. పంపు లోపలి సీలు అరిగినప్పుడు ఆ రంధ్రంలోంచి కారేలా కంపెనీ వాళ్ళే పెట్టారు. అక్కడ గట్టి మరక ఉందంటే పంపు సెలవు అడుగుతున్నట్టే. పైపును చేత్తో నొక్కి చూడండి. మరీ మెత్తగా ఉబ్బినా, నొక్కితే పటపటమని బీటలు కనిపించినా మార్చాలి.

బండి లోపల కూడా ఒక చిల్లు ఉండొచ్చు. ముందు సీటు కింద కార్పెట్ తడి, అద్దం లోపల జిడ్డు పొర, తియ్యటి వాసన వస్తే హీటరు లోపలి చిన్న రేడియేటర్ కారుతున్నట్టు.

ఇంత వెదికినా బయట ఏమీ లేదు, ద్రవం మాత్రం తగ్గుతోందంటే భయపడాల్సిన అనుమానం హెడ్ గాస్కెట్. దాని గుర్తులు ఇవి: ఇంజన్ వేడయ్యాక కూడా సైలెన్సర్‌లోంచి ఆగకుండా తెల్లపొగ, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడడం, డబ్బాలో ఆగకుండా బుడగలు, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు. వీటిలో ఒక్కటి కనిపించగానే తీర్పు చెప్పేయకూడదు. డబ్బాలో గులాబీ రంగు పాలలాంటిది కనిపిస్తే అది గాస్కెట్ కాకపోవచ్చు. చాలా ఆటోమేటిక్ బండ్లలో గేరు ఆయిల్ కూడా రేడియేటర్‌లోనే చల్లారుతుంది. లోపల పగిలి రెండూ కలిసిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు బండి కదిలించకుండా లాగించుకుని తీసుకెళ్ళాలి, లేకపోతే గేరుబాక్సు కూడా పోతుంది.

నీళ్ళా, కూలెంటా?

"ఇక్కడ మంచు పడదు కదా, కూలెంటు ఎందుకు?" అని చాలామంది అంటారు. వేడిని మోయడంలో నీళ్ళు మంచివే, అది నిజం. కానీ ఉత్త నీళ్ళు తుప్పు పట్టిస్తాయి, కుళాయి నీళ్ళలోని ఉప్పు సన్నటి గొట్టాల్లో పెచ్చు కడుతుంది, మరిగే హద్దు కూడా తక్కువ. కూలెంటులోని మందులు తుప్పును ఆపుతాయి, పంపు సీలును కాపాడతాయి. మామూలుగా సగం సగం కలపాలి. నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. ముందే కలిపి అమ్మే డబ్బా అయితే మళ్ళీ నీళ్ళు కలపకండి. రంగు చూసి కొనవద్దు. ఒకే రంగులో వేరు వేరు రకాలు ఉంటాయి. బండి పుస్తకంలో రాసిన రకం చూసి కొనండి. దారిలో అవసరానికి ఉత్త నీళ్ళు పోస్తే తప్పు లేదు, కానీ గ్యారేజీలో ఆ సంగతి చెప్పి మళ్ళీ సరైన మిశ్రమం నింపించాలి.

రూముల్లో ఉండే సోదరులు దీన్ని ప్రత్యేకంగా గమనించండి. మిగిలిన కూలెంటును తాగే నీళ్ళ సీసాలో పోసి మూల పెట్టడం చాలాచోట్ల జరుగుతోంది. అందులో ఎక్కువగా ఉండేది ఎథిలీన్ గ్లైకాల్. రుచికి తియ్యగా ఉంటుంది, కడుపులోకి పోతే కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణం పోవచ్చు. చీకట్లో దాహంతో లేచిన రూమ్మేట్‌కు అది షర్బత్‌లా కనిపిస్తుంది. కొన్న డబ్బాలోనే ఉంచండి. నేల మీద ఒలికితే కడిగేయండి, పిల్లులు నాకుతాయి. ఎవరైనా తాగారని తెలిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, డబ్బా కూడా వెంట పట్టుకెళ్ళండి.

పసుపు వైద్యం, థర్మోస్టాట్ వైద్యం

మన దగ్గర లారీ డ్రైవర్లు రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేస్తారు. అది ఉబ్బి చిన్న చిల్లును కాసేపు మూస్తుంది. షాపులో అమ్మే స్టాప్‌లీక్ కూడా దానికి దొరబాబు లాంటిదే. ఊరు చేరడానికి అక్కరకొస్తుంది కానీ, చిల్లు ఏదో, సన్న గొట్టం ఏదో దానికి తెలియదు. రేడియేటర్, హీటరు గొట్టాలు కూడా మూసేస్తుంది. ఒకసారి వేస్తే ఆ వారమే అసలు రిపేరు చేయించి లోపలంతా కడిగించాలి.

రెండోది, "థర్మోస్టాట్ తీసి పారేయ్, ఠండా రహేగా" అనే సలహా. ముల్లు కిందికి వస్తుంది, నిజమే. కానీ ఇంజన్ తన వేడికి ఎప్పటికీ చేరదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీటి దారి మారిపోయి వేడి ఇంకా పెరుగుతుంది. పైగా అసలు రోగం కనపడకుండా దాక్కుంటుంది. పాడైతే కొత్తది వేయించండి.

గ్యారేజీకి పోయినప్పుడు

సనాయియ్యలో ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి "బండి హీటవుతోంది" అని మాత్రమే అంటే ఆయన చేతికి ఏది తోస్తే అది మారుస్తాడు. మీరు చెప్పాల్సింది మూడు ముక్కలు: ఎప్పుడు వేడెక్కుతోంది, ఎన్నాళ్ళకు ఎంత నీళ్ళు పోస్తున్నాను, మరక ఎక్కడ చూశాను. తర్వాత ఒక్క మాట: "ఉస్తాద్, పహలే ప్రెషర్ టెస్ట్ కరో." చల్లటి ఇంజన్‌కు చేతిపంపు లాంటిది బిగించి, మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి, పది పదిహేను నిమిషాలు చూస్తారు. ముల్లు పడిపోతే చిల్లు ఉంది. అప్పుడు కారే చోటు కూడా చాలాసార్లు కళ్ళకు కనిపిస్తుంది. మూతను కూడా అదే పంపుతో పరీక్షించవచ్చు.

గాస్కెట్ అనుమానం ఉంటే ఇంకో పరీక్ష ఉంది. నీలం ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి ఇంజన్ నడుపుతారు. పెట్రోలు బండిలో పొగ గాలి నీళ్ళలోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. ఈ రెండు పరీక్షలు చేయకుండా "హెడ్ దించాలి" అంటే ఇంకో గ్యారేజీ చూడండి. నిజంగానే హెడ్ దించితే, అది వంగిందో లేదో కొలిపించి, అవసరమైతే లేత్ షాపులో సాపు చేయించాకే కొత్త గాస్కెట్ వేయమనండి. పని అయ్యాక లోపలి గాలి తీసేశారా అని అడగండి. ఒకటి రెండు రోజుల తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్ళీ చూడండి.

ఉత్తరాలకు జవాబులు

కువైట్ నుంచి ఒక హౌస్ డ్రైవర్ సోదరుడు: "మేడమ్ కోసం ఏసీ వేసుకుని గంటసేపు ఆగితే బండి కింద నీళ్ళ మడుగు. కూలెంటేనా?"

తొంభై పాళ్ళు అది ఏసీ నీళ్ళే తమ్ముడూ. గాలిలోని తేమ చల్లబడి కారుతుంది. ఉక్కపోత రోజుల్లో ఇంకా ఎక్కువ. ఒక తెల్లటి టిష్యూ కాగితం ముంచి చూడు. రంగు, జిడ్డు, వాసన లేకపోతే ఉత్త నీళ్ళు. రంగు ఉండి వేళ్ళకు జారుడుగా తగిలితే కూలెంటు. రుచి మాత్రం చూడకు. దాంతోపాటు డబ్బా మీద ఉన్న గీతలు వారం రోజులు గమనించు. మట్టం కదలకపోతే నిశ్చింతగా ఉండు.

షార్జా నుంచి ఒక డెలివరీ వ్యాన్ డ్రైవర్: "ట్రాఫిక్‌లోనే ముల్లు లేస్తోంది, నీళ్ళు తగ్గడం లేదు. గ్యారేజీ వాళ్ళు గాస్కెట్ అంటున్నారు."

నీళ్ళు తగ్గడం లేదు, వేగం మీద చల్లబడుతోంది అంటున్నారు. అలాంటప్పుడు గాస్కెట్ కంటే ముందు ఫ్యాను చూడాలి. ఏసీ వేసి తిరుగుతోందో లేదో చూడండి. రెండు ఫ్యాన్లు ఉంటే రెండూ చూడండి. ఒకటి ఆగిపోయినా చలికాలంలో తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది. తర్వాత రేకుల మధ్య ఇసుక. ఆ రెండూ బాగుంటేనే పైన చెప్పిన పరీక్షలకు వెళ్ళండి.

హాయిల్ నుంచి ఒక పికప్ డ్రైవర్ అన్న: "ఓనరుకు చెప్తే 'పానీ డాలో, చలావో' అంటాడు. రేపు ఇంజన్ పోతే నన్నే అంటాడు కదా?"

అన్నా, మీ భయం నిజమైనదే. నోటి మాట గాలికి పోతుంది. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మట్టం ఒక ఫోటో తీయండి. బండి ఆపాక ముల్లు ఫోటో ఇంకొకటి. కారే చోటు కనిపిస్తే అది కూడా. వాటిని ఓనరు ఫోన్‌కు పంపి, మర్యాదగా రెండు ముక్కలు రాయండి: "బండి నీళ్ళు తగ్గుతున్నాయి, రోజూ ఇంత పోస్తున్నాను, చూపించకపోతే ఇంజన్ పోయే ప్రమాదం ఉంది." రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి. వాటిని చెరిపేయకండి. ఎన్ని నీళ్ళు ఏ రోజు పోశారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఇంత చేశాక కూడా ఎర్ర దీపం వెలిగితే బండి ఆపి ఫోన్ చేయాల్సిందే. ఆపినందుకు తిట్లు పడొచ్చు. ఆపకపోతే ఇంజన్ పోయిందన్న నింద మన నెత్తిన పడుతుంది. చాలామంది ఓనర్లు ఫోటో చూశాక, రేడియేటర్ ఖర్చు ఎంత, ఇంజన్ ఖర్చు ఎంత అని లెక్క వేసుకుంటారు.

ఈ శుక్రవారం సెలవు రోజున పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు పావుగంట కేటాయించండి. డబ్బా మట్టానికి మార్కర్‌తో గీత పెట్టండి, మూత రబ్బరు చూడండి, పైపులు నొక్కండి, పంపు రంధ్రం కింద లైటు వేయండి, బండి కింద అట్ట పరచండి. వచ్చే శుక్రవారానికి గీత దగ్గరే మట్టం ఉంటే నిశ్చింతగా నడపండి. తగ్గి ఉంటే ఇంకో సీసా పోసి ఊరుకోకండి, అది ఎటు పోయిందో కనుక్కోండి.

వచ్చే వారం: ఎండలో టైర్లు ఎందుకు పగులుతాయి, టైరు పక్క మీద ఉండే నాలుగంకెల తయారీ తేదీని ఎలా చదవాలి.